ఎదురింటి ముల్లు

సోమవారం. తిరపతయ్య పోయిన అయిదో రోజు

తెల్లవారకముందే తనిఖీకి బయలుదేరాను. తొమ్మిది దాటితే మా ఎగువమిట్టలో ఎండకి కుక్క కూడా నీడ వదిలి కదలదు. అరవై నాలుగు గడపలూ ఆలోపే తిరిగి రావాలి, నా మోకాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ప్రతి ఇంట్లో అదే తంతు. గూట్లోంచి ఇత్తడి డబ్బీ తీసి మూత తెరుస్తారు. లోపల ఎదురింటివాళ్ళ తుపాకీ ముల్లు ఉంటుంది. చిటికెన వేలంత ఇనప ముక్క. అది పెడితేనే తుపాకీ పేలుతుంది, లేకపోతే ఒట్టి దుడ్డుకర్ర. నేను మొన తడిమి, ఆముదం రాశారని చూసుకుని, రిజిస్టరులో టిక్కు పెడతాను. తుపాకీ ఎవరిది వాళ్ళింట్లో, దాని ముల్లు ఎదురింట్లో. గంట మోగితే రెండు వైపులవాళ్ళూ వీధిలోకి పరుగెత్తి, పిడికిట్లో పట్టుకొచ్చిన ముల్లు ఎదుటివాళ్ళ అరచేతిలో పెట్టాలి. ఈ పద్ధతి పెట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. పెట్టినవాడు మా నాన్న.

ఇవాళ డబ్బీలు తీసే చేతుల్లో విసురు కనిపించింది. "మా ముల్లు మా ఇంటికి ఎప్పుడొస్తది పెద్దమ్మా?" అని పదకొండు ఇళ్ళలో అడిగారు. "ఎదురింటోళ్ళు అన్నం పెట్టటం లేదా ఏంది దానికి, అంత బెంగ పెట్టుకున్నారు?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వే వారం కాదని నాకూ తెలుసు. నోరు అలవాటు చొప్పున ఆడింది.

పోయిన గురువారం మిట్టమధ్యాహ్నం ఊరంతా నేలమాళిగల్లో పడుకుని ఉండగా, కింద ఉప్పునీటి పాయ ఉప్పుకయ్యలో కాపురముండే పడవలవాళ్ళు పైకొచ్చి పంపు దగ్గర సోలార్ పలకలు విప్పుకుపోయారు. అక్కడ కాపలా ఎప్పుడూ ఎదురెదురు ఇళ్ళవాళ్ళు ఇద్దరు, ఒకరి ముల్లు ఒకరి జేబులో. ఆ రోజు జంటలో ఒకడైన నాగభూషణం వడదెబ్బకి పడిపోతే ఇంటికి మోసుకొచ్చారు. అతని చొక్కా జేబులో తిరపతయ్య ముల్లు కూడా వచ్చేసింది. మోసినవాళ్ళకి ఆ సంగతే తట్టలేదు. ఒంటరిగా మిగిలిన తిరపతయ్య గంట కొట్టి, పేలని తుపాకీ చూపించి బెదిరిస్తూ నిలబడ్డాడు. ఆరో నిమిషంలో అతని డొక్కలో బల్లెం దిగింది.

అందరికన్నా ముందు అక్కడికి చేరింది ఊరి కావలి దండు పెద్ద శేషగిరి. నా అల్లుడు. మా ఎదురిల్లే, పంపుకి నలభై అడుగులు. నా గుమ్మంలో నా చేతి నుంచి ముల్లు అందుకుని పరుగెత్తాడు. చేరేసరికి ఏడు నిమిషాలు. ఆ తర్వాత నాలుగు నిమిషాలకి గానీ మిగతా దండు రాలేదు.

చివరికి మా ఇంటికొచ్చి మా గూటికి కూడా టిక్కు పెట్టాను.

మంగళవారం. ఆరో రోజు

ఊరంతా పంపు షెడ్డులో కూర్చుంది. పలకల్లో పంతొమ్మిది పోయాయి, నీళ్ళు ఒక పూటే. గొంతులు ఎండినప్పుడు మాటలు తొందరగా పెరుగుతాయి.

తిరపతయ్య భార్య తులశమ్మ మొగుడి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నలభై కూడా నిండలేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నాకు పెద్ద మాటలు రావు," అంది. "మా ఆయన చేతిలో తుపాకీ ఉంది. తూటాలున్నాయి. గురి సంగతి మీ అందరికీ తెలుసు. లేనిదల్లా ఇంత ముల్లు. అది నాగభూషణమన్న జేబులో పడుకోనుంది. ఆయన్ని చంపింది పడవోళ్ళా, మన రూలా? ఎవురి ముల్లు వాళ్ళింట్లో ఉండాలి. నేనడిగేది అంతే."

నాగభూషణం తల మోకాళ్ళలో పెట్టుకున్నాడు.

జకరయ్య మాస్టారు లేచాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పినవాడు, పెద్దవాళ్ళతో కూడా పాఠంలాగే మాట్లాడతాడు. "పూర్వం ఊరికో కావలి ఉండేది. పాలెగాళ్ళ రోజుల్లో కత్తీ బల్లెం పట్టినోళ్ళే ఊళ్ళు కాశారు. వాళ్ళలో కొందరు కాసిన ఊళ్ళనే దోచారు. కంచే చేను మేసింది. ఆ తర్వాత తెల్లోళ్ళొచ్చి అందరి చేతుల్లోవీ ఊడబెరికారు. అప్పుడిక మేసినోణ్ణి అడిగే దిక్కు కూడా లేకపోయింది. చరిత్రలో రెండూ ఉన్నాయి. ఎవురికి కావాల్సింది వాళ్ళు ఏరుకుంటా ఉంటారు."

"ఏరుకోటానికి మనకి టైమేది మాస్టారూ?" అన్నాడు శేషగిరి. "దండు కదలటానికి పదకొండు నిమిషాలని పడవోళ్ళకి కూడా కంఠతా వచ్చింది. తులశమ్మ అడిగింది న్యాయం." ఆ మాట అంటున్నంతసేపూ నా వైపు చూడలేదు.

నేను లేవక తప్పలేదు. రిజిస్టరు నా చేతిలో ఉంది, పద్ధతి మా నాన్నది.

"అప్పట్లో మన చేతుల్లో ఉన్నయ్యి సర్కారు తుపాకులు," అన్నాను. "బొటనవేలు ఆనిస్తే మనిషిని గుర్తుపట్టి పేలేయి. ఒకరోజు రాజధానిలో ఎవురో మీట నొక్కితే అన్నీ ఒక్కసారే చచ్చి ఊరుకున్నయ్యి. మూడో రోజు దొంగలు కత్తులు పట్టుకొచ్చి మన గింజలు మోసుకుపోయారు. అందుకే లేతు మిషను మీద ఇనప తుపాకులు చేసుకున్నాం, ఎవురూ ఆపలేనియ్యి. మంచిపనే. అది జరిగిన రెండేళ్ళకి మా అన్న వీరాస్వామి, నీళ్ళ వంతు కాడ మాటామాటా వచ్చి, ఎదురింటాయన్ని కాల్చాడు. లోపలికి పోయి తుపాకీ తెచ్చి, కాల్చి, మళ్ళా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను పొయ్యి మీద పాలు పెట్టున్నా. అయ్యింకా పొంగలా. అప్పుడు మా నాన్న అన్నమాట ఇది. ఒకింటి తుపాకీ కోపానికి పనికొస్తది, రెండిళ్ళ తుపాకీయే కావలికి పనికొస్తది."

"మీ అన్న చంపింది ఒకణ్ణి," అంది తులశమ్మ నెమ్మదిగా. "మీ నాన్న రూలు చంపింది కూడా ఒకణ్ణే. సరిపోయింది గదక్కా."

నేను రిజిస్టరు మూసి కూర్చున్నాను. ఆదివారం పెద్దకర్మ అయ్యాక తేల్చాలని నిర్ణయించారు. చేతులెత్తటం కాదు. ఊరంతా ముళ్ళు పట్టుకుని రావాలి. తన ముల్లు తనకి కావాలనుకున్నవాళ్ళు ఎదురింటివాళ్ళ ముందు నిలబడి, మొహం చూసి అడగాలి. అడిగినవాళ్ళు ఎక్కువైతే రూలు పోయినట్టే.

బుధవారం. ఏడో రోజు

ఊరికి అబద్ధం చెప్పేదాన్ని నా సొంత పుస్తకంలో కూడా రాస్తే ఇక నాకు మిగిలేది ఏమీ లేదు. మా గూట్లో డబ్బీ లేదు. పద్నాలుగు నెలలుగా లేదు.

నా కూతురు సుగుణని ఎదురింటి శేషగిరికే ఇచ్చాను. రెండిళ్ళు వియ్యమందితే ముల్లు వేరే వీధికి మార్చాలని రూలు. పెళ్ళి పనుల్లో తర్వాత చూద్దామనుకున్నాను. ఈలోపు మా ఆడపడుచులు సారె సర్దుతూ, గూట్లో ఉన్న ఇత్తడి డబ్బీని కుంకుమ భరిణె అనుకుని బుట్టలో పెట్టేశారు. కొత్త కోడలితో పాటు ముల్లు కూడా వీధి దాటి, తన తుపాకీ ఉన్న ఇంటికే కాపురానికి వెళ్ళింది.

సుగుణ మూడో రోజునే చెప్పింది. ఆ క్షణమే తెచ్చేయమనాల్సింది. సారెలో పెట్టింది తిరిగి పుట్టింటికొస్తే కాపురానికి మంచిది కాదని మా అమ్మ అనేది. అలాంటి పట్టింపులు నాకు లేవని అందరికీ చెప్పుకుంటాను. కూతురి దగ్గరికొచ్చేసరికి అన్నీ ఉన్నాయి. శ్రావణం వెళ్ళనీ అన్నాను, కార్తీకం రానీ అన్నాను. ప్రతి సోమవారం టిక్కు మాత్రం పెట్టాను. తనిఖీ చేసే మనిషింట్లో తనిఖీ చేసేదెవరు? గంట మోగకుండా తుపాకీ, ముల్లు ఒకే ఇంట్లో దొరికితే ఆ ఇంటివాళ్ళు, ముల్లు వదిలినవాళ్ళు ఊరు విడిచి ఉప్పుకయ్యకి దిగిపోవాలి. ఆ రూలు ఊళ్ళో అందరికన్నా నాకే బాగా తెలుసు.

పొద్దున్నే సుగుణ వచ్చింది. కూతురు గుమ్మంలోనే ఏడుస్తుంటే లోపలికి లాగి తలుపేశాను.

"అమ్మా, ఆయన ముల్లు తుపాకీలో పెట్టేశాడు. గురువారం పెట్టింది ఇంతవరకూ తియ్యలా. అన్నం తినేప్పుడు కూడా పక్కనే పెట్టుకుంటన్నాడు. అదేందని అడిగితే నీకెందుకంటాడు. నాకు భయంగా ఉంది."

వెంటనే ఎదురింటికి వెళ్ళాను. శేషగిరి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు, తుపాకీ తొడల మీద. గడ్డం మాసింది. మామూలుగా నన్ను చూస్తే లేచి నిలబడతాడు. ఇవాళ లేవలేదు.

"ఆ ముల్లు ఇటివ్వు నాయనా," అన్నాను.

"ఇస్తే మళ్ళా నీ తలుపు కొట్టాలి గదత్తా. గురువారం ఎంతసేపు కొట్టానో గుర్తుందా?"

గుర్తుంది. సోమవారం రాసినదాన్ని ఇక్కడ దిద్దుకోవాలి. నా చేతి నుంచి అతను ముల్లు అందుకోలేదు.

"గంట మోగంగానే తుపాకీ తీశా. ముల్లు సుగుణ చేతికిచ్చింది," అన్నాడు. "గుమ్మం దిగితే తిరపతయ్య కనపడతన్నాడు. నిమిషం చాలు. కానీ వీధి నిండా జనం. అప్పుడే పేల్చితే ముల్లు యాడిదని అడుగుతారు. నిన్నడుగుతారు, సుగుణనడుగుతారు. ముగ్గురం కిందికి దిగాలి. అందుకని పంపు కాడికి పోవాల్సినోణ్ణి ఇటు తిరిగి నీ తలుపు కొడతా నిలబడ్డా. నువ్వు మాళిగలోంచి ఎక్కి వచ్చేసరికి ఎంతసేపయిందో పంపు గడియారాన్నడుగు. వచ్చి ఏం పెట్టావు నా చేతిలో?"

అతని వెనక వీధిలో జనాన్ని చూసి, ఉత్త పిడికిలి అతని అరచేతిలో పెట్టాను. అతను వేళ్ళు మూసుకుని, ఏదో అందుకున్నవాడిలా పరుగెత్తాడు. మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోకుండా ఆ నాటకం ఆడాం. అక్కడ తిరపతయ్య చచ్చిపోతున్నాడు.

"నేను పెద్దకర్మ దాకా ఆగుతా," అన్నాడు శేషగిరి. "ఆదివారం రూలు పోతే ఎవురూ అడగరు. అప్పటిదాకా ఇది నా కాడే ఉంటది."

ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాను. మా అన్న చేసిన పనికి ముప్ఫై ఏళ్ళు తల దించుకున్నదాన్ని. వాడు కోపంలో చేశాడు. నేను లౌక్యంగా చేశాను.

గురువారం. ఎనిమిదో రోజు

వాలు కింద పడవ ఒకటి తెల్లగుడ్డ కట్టుకుని ఆగింది. రేపు పొద్దున మాటలకి వస్తారట. మాటల రోజున దండు తుపాకులు భుజాన వేసుకుని నిలబడుతుంది గానీ ముళ్ళు మాత్రం గూళ్ళలోనే ఉంటాయి. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అందుకే ధైర్యంగా వస్తారు.

దండు పెద్ద ముందు వరసలో నిలబడాలి. మళ్ళీ వెళ్ళి బతిమాలాను. "మాట్లాడటానికేగా వస్తన్నారు, మాట్లాడనీ," అన్నాడు. అది ఒప్పుకోలులా వినపడలేదు.

జకరయ్య మాస్టారికి చెబుదామని బయలుదేరాను. అతని వీధి మొదటి దాకా వెళ్ళి, ఎవరో "ఏంది పెద్దమ్మా, ఇటొచ్చావు?" అని అడిగితే, "ఆముదం సరిపోయిందో లేదో కనుక్కుందామని," అని వెనక్కి వచ్చేశాను.

శుక్రవారం. తొమ్మిదో రోజు

కంచె గేటు దగ్గరికి ఏడుగురు వచ్చారు. ఆరు పలకలు మోసుకొచ్చారు. ముందు నడిచింది పోలమ్మ అనే మనిషి, నా వయసే ఉంటుంది. ఉప్పు నీళ్ళలో తిరిగి తిరిగి ఆమె కాళ్ళు తెల్లగా పగిలి ఉన్నాయి.

"మేం చేసింది తప్పేనండి, కాదనటం లేదు," అంది. "పలకలు అమ్ముకుని మంచినీళ్ళు కొనుక్కుందామనుకున్నారు మా కుర్రోళ్ళు. మనిషి పోతాడనుకోలేదండి. ఆరు తెచ్చాం, మిగతావి కూడా తెచ్చేస్తాం. నలభై రోజులు తాగటానికి నీళ్ళిప్పించండి. మా పడవల్లో వాంతులు పట్టుకున్నాయి."

మావాళ్ళు గొణుక్కున్నారు. మాస్టారు ఏదో లెక్క అడగబోయాడు. అంతలో శేషగిరి చూపు పోలమ్మ వెనక పలక మోస్తున్న పొడుగాటి మనిషి మీద పడింది.

"బల్లెం ఇసిరింది నువ్వే గదూ," అన్నాడు.

ఆ మనిషి కాదనలేదు. పలక కింద పెట్టి చేతులు వేలాడేసి నిలబడ్డాడు. శేషగిరి తుపాకీ ఎత్తి గురి పెట్టాడు.

ఎవరూ కదల్లేదు. మావాళ్ళు బెదిరిస్తున్నాడనుకున్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. పడవలవాళ్ళు మొహాలు దించుకుని, తిట్లు తినటానికి వచ్చినవాళ్ళలా ఊరుకున్నారు. ఆ గేటు దగ్గర వందమందికి పైగా ఉన్నాం. అది పేలుతుందని తెలిసింది ముగ్గురికి. గురి పెట్టినవాడికి, నాకు, గుంపు చివర నోరు మూసుకుని నన్నే చూస్తున్న సుగుణకి.

నోరు విప్పితే ముగ్గురం పోతాం. ఊరుకుంటే అతను కాలుస్తాడు. కాల్చకపోవచ్చు కూడా అనుకున్నాను. అలా అనుకుంటూ ఎన్ని క్షణాలు నిలబడ్డానో నాకు తెలియదు, నిలబడిన మాట మాత్రం నిజం. అతని వేలు బిగియటం చూశాను.

"జరగండి, ఆ తుపాకీలో ముల్లుంది," అని అరిచి, గొట్టం రెండు చేతులతో పట్టి పైకి తోశాను.

తుపాకీ పేలింది. చెవులు గడియలు పడ్డాయి. అరచేతులు కాలాయి. పొగ పోయాక చూస్తే పొడుగాటి మనిషి నేల మీద చతికిలబడి తన గుండె తడుముకుంటున్నాడు. తూటా తగల్లేదు.

"ఉత్త తుపాకులని నమ్మి వచ్చామండి," అంది పోలమ్మ. ఆ గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. పలకలు అక్కడే వదిలి, మా వైపు వీపు పెట్టకుండా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వాలు దిగారు. వాళ్ళకి నీళ్ళు ఇస్తామనిగానీ, ఇవ్వమనిగానీ ఎవరూ చెప్పలేదు.

నలుగురు కలిసి శేషగిరి చేతిలో తుపాకీ లాక్కున్నారు. అతను పెనుగులాడలేదు. తులశమ్మ గుంపు చీల్చుకుని నా ముందుకొచ్చింది.

"ముల్లు ఎప్పుడిచ్చావక్కా ఆయనకి?"

కాలిన అరచేతులు కొంగులో చుట్టుకున్నాను.

"సరే. ఆదివారం మా ఆయన పేజీ రాసేది నువ్వేగా. అప్పుడు చెప్పు," అంది.

మా ఊళ్ళో పెద్దకర్మ రోజున, పోయినవాళ్ళు ఎలా పోయారో రిజిస్టరు మనిషి ఇంటివాళ్ళ ఎదుట కూర్చుని రాసి, అందరికీ చదివి వినిపించాలి. ఆ పని ఇరవై రెండేళ్ళుగా నాదే.

శనివారం. పదో రోజు

శేషగిరిని పంపు షెడ్డులో కూర్చోబెట్టారు. అన్నం పట్టుకెళ్ళాను. నలుగురూ దూరంగా జరిగాక నెమ్మదిగా చెప్పాడు.

"అత్తా, శుక్రవారం పొద్దున నీ గూట్లోంచి ముల్లు దొంగిలించానని చెప్తా. నేనొక్కణ్ణే దిగిపోతా. నువ్వూ సుగుణా ఉండండి. రూలు కూడా నిలబడిద్ది. ముల్లు మంచిదే, మనిషి చెడ్డోడని అనుకుంటారు."

ఇంటికొస్తే సుగుణ ఇంకో దారి చెప్పింది. "అల్లుడడిగితే కాదనలేక నువ్వే ముల్లు ఇచ్చానని చెప్పమ్మా. పెద్దదానివి, నిన్ను పొమ్మనరు. రిజిస్టరు తీసుకుంటారు, అంతేగా. పద్నాలుగు నెలల సంగతి ఎందుకు తియ్యటం? తిరపతయ్య బాబాయి ఎట్టాగూ రాడు."

రెండు అబద్ధాలూ బాగానే కుదురుతాయి. ఒకదాంతో అల్లుడు పోతాడు, ఇంకోదాంతో నా పరువు పోతుంది. రెండింట్లోనూ మా నాన్న పద్ధతి నిలబడుతుంది. నిజం చెబితేనే అది కూలుతుంది. నలభై అడుగుల దూరంలో పేలే తుపాకీ ఉండి కూడా మనిషిని కాపాడలేదంటే, ఇక ఎదురింటి ముల్లుకి ఎవరు ఓటేస్తారు? నేనే అయితే వెయ్యను.

సుగుణ కాళ్ళ మీద పడింది. లేపి నీళ్ళిచ్చాను. ఏమీ మాటివ్వలేదు.

ఆదివారం. పదకొండో రోజు

తులశమ్మ ఇంటి ముందు పందిట్లో కూర్చుని రాశాను. తర్వాత లేచి చదివాను.

"తిరపతయ్య, నలభై మూడేళ్ళు. పంపు కాపలాలో ఉండగా గంట కొట్టిన ఆరో నిమిషంలో పడవలవాళ్ళ బల్లెం వల్ల చనిపోయాడు. అతని తుపాకీలో ముల్లు లేదు. ముల్లున్న తుపాకీ ఒకటి ఆ సమయానికి నలభై అడుగుల దూరంలో శేషగిరి చేతిలో ఉంది. ఆ ముల్లు పద్నాలుగు నెలలుగా అతనింట్లోనే ఉన్న సంగతి రిజిస్టరు రాసే వెంగమాంబకి తెలుసు. తెలిసి ప్రతి వారం తప్పుడు టిక్కు పెట్టింది. ఆ తప్పు బయటపడకుండా శేషగిరి ఆమె తలుపు కొట్టి నిలబడ్డాడు. ఆమె ఉత్త పిడికిలి ఇచ్చి పంపింది. తిరపతయ్య ఆ మధ్యలో పోయాడు."

సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆయన తిన్నగా వచ్చుంటే ఎంతసేపట్లో వచ్చేవాడు?" అని అడిగింది తులశమ్మ.

"నిమిషంలో."

"అయితే ఇంకా అయిదు నిమిషాలు మిగిలేయి."

"మిగిలేయి," అన్నాను.

ఆమె లేచి తుపాకీ చేతిలోకి తీసుకుంది.

తర్వాత ముళ్ళ పని మొదలైంది. ఒక్కొక్కరూ ఎదురింటివాళ్ళ ముందుకెళ్ళి నిలబడ్డారు. కొందరు గట్టిగా అడిగారు, కొందరు చూపు తప్పించి చెయ్యి మాత్రం చాచారు. నలభై ఏడు ఇళ్ళు అడిగాయి. తులశమ్మ నాగభూషణం ముందు నిలబడితే అతను ఇవ్వటానికి చెయ్యి ఎత్తలేకపోయాడు, అతని భార్య పిడికిలి విప్పి ఇచ్చింది. తులశమ్మ అక్కడే ముల్లు తుపాకీలో పెట్టింది. చప్పుడు నా దాకా వినపడింది.

రూలే పోయాక రూలు తప్పిన నేరం ఎక్కడిదని మాస్టారు అన్నాడు. శేషగిరికి దండు పెద్దరికం పోయింది, ఇల్లు మిగిలింది. సుగుణ మిగిలింది. రిజిస్టరు నా చేతిలోంచి తీసుకుని మాస్టారు చంకలో పెట్టుకున్నాడు. నాకు శిక్ష ఏమిటన్నది ఎవరూ ఎత్తలేదు. లేచి వెళ్తూ ఒకరిద్దరు తులశమ్మ వైపు చూశారు. ఆ సంగతి ఆమెకి వదిలేశారని నాకు అర్థమైంది.

సోమవారం

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. వెళ్ళాల్సిన గడప ఒక్కటీ లేదు. అరుగు మీద కూర్చున్నాను.

పై వీధిలో అన్నదమ్ములిద్దరు బిందె దగ్గర అరుచుకున్నారు. రోజూ అరుచుకునేవాళ్ళే, రోజూ నలుగురు చుట్టూ చేరి నవ్వేవాళ్ళు. ఇవాళ చుట్టుపక్కల తలుపులు మూసుకున్నాయి.

ఎనిమిది కావస్తుండగా తులశమ్మ వీధి మొదట్లో కనిపించింది. తుపాకీ చేతిలోనే ఉంది. ఆమె ముందుకు నడుస్తుంటే వరసగా గడియలు పడుతున్న చప్పుడు. ఎదురింటి కిటికీలోంచి సుగుణ, "అమ్మా, లోపలికి పో," అని కేకేసింది. పోవచ్చు. మాళిగలోకి దిగి గడియ వేసుకోవచ్చు. ఆ తలుపు ఒకసారి ఆలస్యంగా తీసినదాన్ని, ఇవాళ మూసుకోబుద్ధి కాలేదు.

మూడడుగుల దూరంలో ఆగింది. భయం వేయలేదని రాయను.

"కూర్చో తులశీ," అన్నాను.

"కూర్చోటానికి రాలా."

గొట్టం నా మోకాళ్ళ వైపు ఉంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పదకొండు రోజుల ఏడుపు నిన్నటి నుంచి ఏడ్చినట్టుంది.

"నిన్న పొద్దుగూకేలోపు మూడుమాట్లు నీ గుమ్మం దాకా వచ్చి పోయా," అంది. "ఊరి ముందు అడిగి తెచ్చుకున్నా ఈ ముల్లుని. పడవోళ్ళు వస్తే కాలుద్దామని తెచ్చుకున్నా. ఎటు గురిపెట్టినా నువ్వే కనపడతన్నావు."

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అడగలేదు.

ఆమె తుపాకీ అరుగుకి ఆనించి, విప్పి, ముల్లు ఊడదీసింది. పిడికిట్లో పట్టుకుని నా ముందుకు చాచింది. నాకు అర్థం కాక చూస్తుంటే, నా చెయ్యి లాగి అరచేతిలో పెట్టింది. వేడిగా, చెమటతో జారుతోంది.

"ఇది నా కాడ ఉంటే ఈ వారం దాటదు. ఉంచు."

"ఊళ్ళో ఇంకెవురూ లేరా తులశీ? నాకిస్తన్నావేంది?"

"వేరేవోళ్ళు అడగంగానే తీసిస్తారు. నీ కాడికి రావాలంటే నీ మొహం చూడాలి. దానికి నాకు కొంచెం టైము పడతది."

తుపాకీ భుజానికెత్తుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అడిగిన రోజున ఇయ్యాలి. ఎందుకని అడగొద్దు. ఉత్త పిడికిలి పెట్టమాకు అక్కా."

ఇస్తానని చెప్పాను.